ఆవుకి వడదెబ్బ: ఎవరూ రాయని ఖర్చు లెక్క

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక ఆవు ఉంది.

మా పెద్దమామయ్యది సూర్యాపేట దగ్గర ఒక పల్లె. నేను బీటెక్ మూడో ఏడు చదువుతున్నప్పుడు ఎండాకాలం సెలవులకి అక్కడికి వెళ్లాను. కొట్టంలో రెండు ఆవులు. ఒకటి నల్లమచ్చల హెచ్‌ఎఫ్ క్రాస్. అప్పు చేసి కొన్నది, పూటకి ఏడు లీటర్లు ఇచ్చేది. ఇంకోటి మామూలు నాటావు, పూటకి లీటరున్నర. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. హెచ్‌ఎఫ్ ఆవు పడుకోవట్లేదు, నిలబడే ఉంది. నాలుక బయటపెట్టి కుక్కలా రొప్పుతోంది. నోట్లోంచి చొంగ తాడులా కారుతోంది. పొద్దున పెట్టిన దాణా తొట్టిలో అలాగే ఉంది. మూడడుగుల దూరంలో నాటావు మాత్రం పడుకుని, కళ్లు సగం మూసుకుని తీరిగ్గా నెమరేస్తోంది.

అదే కొట్టం, అవే రేకులు, అదే ఎండ.

ఆ నెలలో హెచ్‌ఎఫ్ పాలు పూటకి నాలుగు లీటర్లకి పడిపోయాయి. వెన్న శాతం కూడా తగ్గింది కాబట్టి పాల కేంద్రంలో రేటూ తగ్గింది. మూడుసార్లు సూది వేయించారు, చూడి కట్టలేదు. దసరాకి ముందు సంతకి తోలుకెళ్లి, కొన్న ధరలో సగానికి అమ్మేశారు. "దాని రాత అట్లుంది రా" అన్నాడు మామయ్య. అప్పుడు నేనూ అలాగే అనుకున్నా. తర్వాత చదువుతూ పోతే తెలిసింది, ఇందులో రాత ఏమీ లేదు, పక్కా లెక్క ఉంది అని. ఆ లెక్కని మనుషులు ఎలా కనిపెట్టారు? కనిపెట్టాక కూడా అది మామయ్య కొట్టం దాకా ఎందుకు రాలేదు? ఈరోజు కథ ఇదే.

మిజోరీలో ఒక వేడి గది

ఎండాకాలంలో పాలు తగ్గుతాయని రైతుకి ఎప్పటినుంచో తెలుసు. ఎందుకు తగ్గుతాయి అంటే మాత్రం సమాధానం చెప్పడం కష్టం. ఎండాకాలంలో వేడి ఒక్కటే కాదు కదా, పచ్చిగడ్డి ఎండిపోతుంది, నీళ్లు తగ్గుతాయి, ఈగలు పెరుగుతాయి. ఇన్ని ఒకేసారి మారితే తప్పు దేనిదో ఎలా తేలుతుంది? కోడ్‌లో పది లైన్లు ఒకేసారి మార్చి, బగ్ ఎక్కడుందో వెతుక్కున్నట్టే.

దీన్ని విడదీసినవాళ్లలో ముఖ్యుడు శామ్యూల్ బ్రాడీ. అమెరికాలోని మిజోరీ విశ్వవిద్యాలయంలో పనిచేసేవాడు. జంతువు తిన్న తిండిలో ఎంత భాగం పాలవుతుంది, ఎంత మాంసమవుతుంది, ఎంత వేడిగా పోతుంది అన్నదే ఆయన జీవితకాలపు ప్రశ్న. దాని మీద 1945లో ఒక పెద్ద పుస్తకమే రాశాడు. 1940ల చివర్లో ఆయన బృందం ఆవుల్ని ప్రత్యేకంగా కట్టిన గదుల్లో పెట్టింది. లోపల ఉష్ణోగ్రత, తేమ అన్నీ వాళ్ల చేతిలోనే ఉంటాయి. మేత మారదు, ఈగలు లేవు, ఎండ లేదు. మారేది వేడి ఒక్కటే. 10 డిగ్రీల నుంచి మొదలుపెట్టి మెల్లమెల్లగా 40 డిగ్రీల దాకా తీసుకెళ్లి, పాలు, మేత, నీళ్లు, ఊపిరి, ఒంటి వేడి అన్నీ కొలిచారు.

ఆ గదుల్లో మూడు రకాల ఆవుల్ని పోల్చిన ఫలితాలు 1950లో వచ్చాయి. హోల్‌స్టీన్, అంటే మన హెచ్‌ఎఫ్. జెర్సీ. మూడోది బ్రాహ్మన్. ఈ మూడో పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం.

బ్రాహ్మన్ అనేది అమెరికాలో తయారైన జాతి. కానీ దాని పూర్వీకులు ఇక్కడివే. గుజరాత్ గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ పశువులు, వాటితో పాటు మన ఒంగోలు. ఒంగోలు పశువుల్ని అప్పట్లో విదేశాల్లో నెల్లూరు జాతి అనేవాళ్లు. బ్రెజిల్లో ఇప్పటికీ దాని పేరు నెలోర్. అంటే మిజోరీ వేడి గదిలో హెచ్‌ఎఫ్ పక్కన నిలబడ్డ ఆవులో మన ప్రకాశం, గుంటూరు, నెల్లూరు వైపు రక్తం కొంత ఉంది. మామయ్య కొట్టంలో నేను చూసిన సీన్‌ని వాళ్లు అరవై ఏళ్లకు ముందే థర్మామీటర్ పెట్టి చూసేశారన్నమాట.

ఫలితం కూడా అదే. వేడి పెరుగుతుంటే ముందు చేతులెత్తేసింది హోల్‌స్టీన్. తర్వాత జెర్సీ. చాలాసేపు తట్టుకుని ఆఖర్న ఇబ్బందిపడింది బ్రాహ్మన్.

వేడి బయట నుంచే రాదు

ఎందుకలా? వదులు చర్మం, పొట్టి వెంట్రుకలు, ఎక్కువ చెమట గ్రంథులు... ఇవన్నీ మన జాతులకి సాయం చేసేవే. కానీ అసలు పాయింట్ ఇంకొకటుంది. ఆవు తన వేడిని తానే తయారుచేసుకుంటుంది.

ఆవు పొట్టలో మొదటి అర ఒక పెద్ద పులియబెట్టే తొట్టి లాంటిది. గడ్డి, దాణా అక్కడ సూక్ష్మజీవుల చేతిలో పులుస్తాయి, ఆ పనిలో వేడి పుడుతుంది. ఆ తర్వాత దాన్ని పాలుగా మార్చే ప్రతి అడుగులోనూ ఇంకొంత వేడి. ఫోన్లో హెవీ గేమ్ ఆడితే వెనక వేడెక్కుతుంది చూడండి, అలాగే. ఎక్కువ పని, ఎక్కువ వేడి. 1990లో వచ్చిన ఒక పరిశోధనలో, రోజుకి 18.5 కిలోల పాలిచ్చే ఆవు ఒంట్లో పుట్టే వేడి, వట్టిపోయిన ఆవు కంటే సుమారు 27 శాతం ఎక్కువని తేలింది. 31.6 కిలోలు ఇచ్చే ఆవులో దాదాపు 48 శాతం ఎక్కువ.

అందుకే హెచ్‌ఎఫ్ ఆవుకి మనం హాయి అనుకునే వాతావరణం కూడా వేడే. దానికి సుఖంగా ఉండేది 5 నుంచి 25 డిగ్రీల మధ్య. మన దగ్గర జనవరి మధ్యాహ్నాలు కూడా చాలాసార్లు 25 దాటతాయి.

ఇక్కడ మీకో డౌట్ రావాలి. నాటావు పాలు తక్కువ ఇస్తుంది కాబట్టే చల్లగా ఉందా? అందులో దాని గొప్పేముంది? కరెక్ట్ డౌటే, చాలావరకు నిజం కూడా. సగం గొప్ప తక్కువ పాలదే. కానీ మిగతా సగం ఉంది. ఫ్లోరిడాలో శాస్త్రవేత్తలు బ్రాహ్మన్, హోల్‌స్టీన్ పిండాల్ని ప్రయోగశాలలో, గాజు పాత్రలో పెట్టి 41 డిగ్రీల వేడికి గురిచేశారు. పిండానికి పాలు లేవు, చర్మం లేదు, చెమట లేదు. అయినా బ్రాహ్మన్ పిండాలే మెరుగ్గా బతికాయి. అంటే తట్టుకునే గుణం కణం లోపల కూడా ఉంది.

72 అనే నంబర్

వేడి ఎంతైతే ప్రమాదం? డిగ్రీలు చూస్తే చాలదు. ఎందుకంటే ఆవు ఒళ్లు చల్లబడేది ప్రధానంగా చెమట, ఊపిరి ఆవిరవడం వల్ల. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే ఆ ఆవిరి పోదు. రామగుండం వేడి వేరు, కాకినాడ ఉక్కపోత వేరు అని మనకి తెలిసిందే.

1959లో అమెరికా వాతావరణ శాఖలో పనిచేసే ఎర్ల్ థామ్, మనుషుల కోసం ఒక సూచీ తయారుచేశాడు. ఉష్ణోగ్రత, తేమ రెండూ కలిపి ఒకే అంకె. మనిషికి ఎప్పుడు చిరాకు మొదలవుతుందో చెప్పడానికి. 1964లో మిజోరీ వాళ్లు దాన్నే తీసుకుని, పాలు ఎంత పడతాయో లెక్కకట్టడానికి వాడారు. అదే ఇవాళ ప్రపంచమంతా వాడే టీహెచ్‌ఐ. 72 దాటితే పాడి ఆవుకి ఇబ్బంది మొదలు అన్నది చాలా ఏళ్లు రూల్.

ఆ ఫార్ములాని ఫోన్లో వేసి చూశాను. 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే 72. మనం స్వెటర్ తీసేసి ఫ్యాన్ కూడా వేసుకోని వాతావరణం అది! 40 డిగ్రీలు, 30 శాతం తేమకి 86. 35 డిగ్రీలే అయినా తేమ 60 శాతం ఉంటే 87. అంటే కోస్తాలో ఐదు డిగ్రీలు తక్కువే కదా అనుకుంటే మోసపోయినట్టే, ఆవుకి రెండూ ఒకటే.

ఇంకా ఇంట్రెస్టింగ్ విషయం ఏంటంటే, 2009లో అరిజోనా శాస్త్రవేత్తలు ఈ 72ని మళ్లీ చూశారు. ఎక్కువ పాలిచ్చే ఇప్పటి ఆవులకి గీత 68 దగ్గరే అని తేల్చారు. అదే ఫార్ములాలో 68 అంటే 22 డిగ్రీలు, 50 శాతం తేమ. ఎండ మారలేదు, ఆవు మారింది. 1950ల ఆవు కంటే ఇప్పటి ఆవు చాలా ఎక్కువ పాలిస్తుంది, కాబట్టి తక్కువ వేడికే ఓడిపోతుంది.

లోపల ఏం జరుగుతుంది

ఇప్పుడు మామయ్య కొట్టంలో చూసినవన్నీ ఒక్కొక్కటిగా అర్థమవుతాయి.

రొప్పడం: ఊపిరి వేగంగా వదిలి వేడి తగ్గించుకుంటోంది. కానీ దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువ పోయి రక్తంలో సమతౌల్యం తప్పుతుంది. చొంగ: ఆవు లాలాజలంలో ఉప్పుసోడా లాంటి పదార్థం ఉంటుంది, పొట్టలో పులుపు పెరగకుండా ఆపేది అదే. మింగాల్సిన చొంగ నేలపాలైతే పొట్టలో ఆమ్లం పెరుగుతుంది. పాలలో వెన్న తగ్గడానికి ఇదొక కారణం. ఆ ఆమ్లం ప్రభావం కొన్ని వారాల తర్వాత గిట్టల్లో బయటపడుతుంది. ఆవు కుంటడం మొదలుపెడుతుంది, అప్పటికి ఎండలు తగ్గిపోయి ఉంటాయి కాబట్టి ఎవరూ ఎండని అనుమానించరు.

నిలబడే ఉండటం: ఒళ్లు గాలికి ఎక్కువగా తగలాలని. గంటలకొద్దీ నిలబడితే మళ్లీ దెబ్బ గిట్టలకే.

మేత మానేయడం: తింటే వేడి పుడుతుంది కాబట్టి ఒళ్లే తినొద్దంటుంది. అయితే పాలు తగ్గడానికి కారణం తిండి తగ్గడమేనా? దీనికి కూడా అరిజోనాలోనే మంచి ప్రయోగం చేశారు. కొన్ని ఆవుల్ని వేడిలో పెట్టారు. ఇంకొన్నింటిని చల్లగా ఉంచి, వేడిలో ఉన్నవి ఎంత తిన్నాయో అంతే పెట్టారు. రెండు గుంపులూ అర్ధాకలితోనే ఉన్నాయి, పాలు రెండింటిలోనూ తగ్గాయి. కానీ వేడి ఆవుల్లో చాలా ఎక్కువ తగ్గాయి. ఆ తగ్గుదలలో తిండి వాటా మూడో వంతు నుంచి సగం దాకా మాత్రమే అని లెక్క తేలింది. మిగతాది వేడి చేసిన నేరుగా నష్టం. కాబట్టి "ఇంకో బుట్ట దాణా వెయ్యి, సరిపోతుంది" అన్నది సగం మందే.

చూడి కట్టకపోవడం: గర్భం నిలవడానికి మొదటి రెండు మూడు రోజులే పిండం వేడికి బాగా నాజూగ్గా ఉంటుంది. అండాశయంలో తయారవుతున్న అండాలకి కూడా మేలోనే దెబ్బ తగులుతుంది. అవి బయటికి వచ్చేది వారాల తర్వాత. అందుకే వానలు పడ్డాక వేసిన సూది కూడా ఫెయిల్ అవుతుంది. మామయ్య మూడో సూది జులైలో.

ఇవన్నీ చదివినప్పుడు నన్ను ఆపేసింది ఇంకోటుంది. ఫ్లోరిడాలో చూడి ఆఖరి వారాల్లో ఉన్న వట్టి ఆవుల్ని కొన్నింటిని చల్లగా, కొన్నింటిని వేడిలో ఉంచి, పదేళ్ల రికార్డులు చూశారు. వేడిలో ఉన్న తల్లి ఈనిన తర్వాత పాలు తక్కువ. కడుపులో ఉన్న పెయ్యదూడ పెరిగి ఆవయ్యాక దాని పాలూ తక్కువే. దాని కూతురికి కూడా. 2020లో వచ్చిన ఈ పేపర్ ప్రకారం, ఒక్క ఎండాకాలం దెబ్బ మనవరాలి దాకా కనబడింది. మన దగ్గర పాలివ్వని ఆవుని నీడలోంచి తీసి బయట కట్టేస్తాం. పాలిచ్చేదానికి కదా నీడ కావాలి అని!

ప్రాణం కూడా పోతుంది. 2006 జులైలో కాలిఫోర్నియాలో వచ్చిన వడగాలుల్లో వేల ఆవులు చచ్చిపోయాయి. ఆ వారం రాత్రుళ్లు కూడా చల్లబడలేదు. పగలు ఎక్కిన వేడిని ఆవు రాత్రి దించుకుంటుంది, ఆ అవకాశమే దొరకలేదు. కళేబరాలు పారేయడానికే అక్కడి కౌంటీలు అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. అమెరికాలో, ఫ్యాన్లూ స్ప్రింక్లర్లూ ఉన్నచోట.

మరి మనం ఏం చేశాం

మన దేశంలో సీమావుల కథ సైన్యంతో మొదలవుతుంది. 1889లో అలహాబాద్‌లో మొదటి మిలిటరీ డెయిరీ ఫారం పెట్టారు, సైనికులకి శుభ్రమైన పాల కోసం. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో అలాంటి ఫారాల్లో విదేశీ ఆబోతులతో మన ఆవుల్ని సంకరం చేశారు. స్వాతంత్య్రం వచ్చాక, 1960ల నుంచి అదే పని ఊళ్లకి వచ్చింది. 1963లో కేరళలో స్విట్జర్లాండ్ సాయంతో ఒక ప్రాజెక్టు, 1970లో ఆపరేషన్ ఫ్లడ్, ఘనీభవించిన వీర్యం, ఊరూరా కృత్రిమ గర్భధారణ.

ఇది తప్పు అని ఈజీగా అనేయొచ్చు, నేను అనను. 1970 ప్రాంతంలో దేశం మొత్తం పాలు ఏడాదికి 2.2 కోట్ల టన్నులు. ఇప్పుడు 23 కోట్లు దాటింది. 1998లో ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చాం. అందులో గేదెలది పెద్ద వాటా, సంకర ఆవులదీ గట్టి వాటానే. వరి నష్టపోయిన ఏడాది పాల బిల్లుతో స్కూలు ఫీజు కట్టిన ఇళ్లు మనకి తెలియనివి కావు.

గొడవంతా మోతాదుతోనే. నాటావుకి హెచ్‌ఎఫ్ సూది వేస్తే దూడలో విదేశీ వాటా 50 శాతం. ఆ దూడ పెరిగాక మళ్లీ హెచ్‌ఎఫ్ వేస్తే 75. మళ్లీ వేస్తే 87.5. నాలుగో తరానికి 93.75. సగం దగ్గర, లేదంటే దానికి కాస్త పైన ఆపాలని నిపుణులు చెప్తూనే ఉన్నారు. సైన్యం మీరట్ కేంద్రంగా, శాస్త్రవేత్తలతో కలిసి తయారుచేసిన ఫ్రీస్వాల్ జాతిలో ఆ వాటా ఎనిమిదింట ఐదు, అంటే 62.5 శాతం. మిగతాది సాహివాల్. కానీ ఊళ్లో ఏ ఆవులో ఎంత వాటా ఉందో రాసిపెట్టిన కాగితం ఎక్కడుంది? పాలు ఎక్కువ కావాలంటే మళ్లీ అదే సూది. 2019 పశుగణన నాటికి దేశంలో విదేశీ, సంకర ఆవులు దాదాపు 5 కోట్లు.

అదే సమయంలో వేరేచోట ఏం జరిగిందో చూడండి. జమైకాలో థామస్ లెకీ అనే శాస్త్రవేత్త జెర్సీలో కొంచెం సాహివాల్ కలిపి జమైకా హోప్ అనే పాడి జాతిని నిలబెట్టాడు, 1952లో దానికి గుర్తింపు వచ్చింది. బ్రెజిల్ మన గిర్‌ని తీసుకెళ్లి, పాల కోసం తరాలపాటు ఎంపిక చేసి, హోల్‌స్టీన్‌తో కలిపి గిరొలాండో చేసింది. 1996లో అధికారికంగా జాతి అయింది. అందులో హోల్‌స్టీన్ వాటా ఎంతో తెలుసా? ఎనిమిదింట ఐదు. మీరట్‌లో వచ్చిన అంకే! తేడా ఒక్కటే, వాళ్లు తరతరానికీ పేర్లు, పాలు, తల్లిదండ్రులు రాసి పెట్టుకున్నారు.

ఇజ్రాయెల్ ఇంకో దారి పట్టింది. ఆవుని మార్చకుండా కొట్టాన్ని మార్చింది. 1980ల్లో అక్కడి పద్ధతి: అర నిమిషం ఒళ్లు తడపాలి, నాలుగున్నర నిమిషాలు ఫ్యాన్ గాలి, మళ్లీ తడపాలి, అలా అరగంట. బాగా పనిచేస్తుంది. కాకపోతే మే నెలలో కరెంటు, నీళ్లు రెండూ ఉండాలి. రెండావుల రైతుకి ఆ రెండే ఉండవు.

చివరగా

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రతి లీటరు పాలతో పాటు కొంత వేడి కూడా వస్తుంది. పాల లెక్క మనం 50 ఏళ్లుగా రాస్తున్నాం, గ్రాఫులు వేస్తున్నాం. వేడి లెక్క ఎవరూ రాయలేదు. రాయని ఆ ఖర్చు పడింది మామయ్య లాంటి వాళ్ల మీద. దానికి ఆయన పెట్టుకున్న పేరు రాత.

ఇంట్లో పాడి ఉన్నవాళ్లు ఈ వేసవిలో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. రేకుల మీద గడ్డి పరవండి. నీళ్ల తొట్టి నీడలో ఉండాలి. మేత తెల్లవారుజామున, చీకటి పడ్డాక ఎక్కువ పెట్టండి. ఒళ్లు తడిపితే గాలి కూడా ఆడాలి, మూసిన కొట్టంలో నీళ్లు చల్లితే ఉక్క పెరుగుతుంది, అంతే. చూడి మీదున్న వట్టి ఆవుని ఎండలో కట్టకండి. సూది వేయించేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఆవులో ఇప్పటికే ఎంత వాటా ఉంది, ఈ సూదితో ఎంతవుతుంది? జవాబుని ఫోన్లో నోట్ చేసుకోండి. మన దేశంలో తప్పిపోయిన కాగితం అదే.

మొన్న ఇదంతా మామయ్యకి ఫోన్లో చెప్పాను. మొత్తం విని, కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అయితే ఆ ఆవు తప్పేం లేదన్నమాట."

లేదు మామయ్య. దాని తప్పేం లేదు. నీదీ లేదు.